గోటి మీద ఎరుపు

"మోచేతి పైనుంచా అండి, కిందనుంచా?"

దుర్గారావు ఆ మాట అడగగలిగినందుకు నాగదుర్గ నివ్వెరపోయింది. అడుగుతున్నది తల్లి చేతి గురించి. పెరట్లో కాపు మానేసిన కొబ్బరిచెట్టు కొట్టించేటప్పుడు కూడా తన భర్త ఇంతకంటే ఎక్కువ తడబడ్డాడు.

"పైనుంచే," అంది డాక్టర్ నిర్మల. "సర్జనుగారు పదకొండుకి వస్తారు. ఆయన వచ్చేసరికి ఈ కాగితం మీద సంతకం ఉండాలి."

అమలాపురంలోని ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఐ.సి.యు. తలుపు ముందు నలుగురున్నారు. కాగితం పట్టుకున్న దుర్గారావు. తెల్లవారుతూనే కొత్తపేట నుంచి వచ్చిన అతని అక్క వీరవేణి. బెంచీ చివర వాళ్ళ తండ్రి సింహాద్రి. గోడకి ఆనుకుని, ఆ ఇంటి కోడలు నాగదుర్గ. తలుపుకి అవతల, నిన్న రాత్రి తీసుకొచ్చిన వీరాయమ్మ.

"బీపీ బాగుందన్నారు గదండి!" వీరవేణి గొంతు పెంచింది. "నూట పది అని ఆ నర్సమ్మే చెప్పింది. నూట పది ఉన్న మనిషికి చెయ్యెందుకు తీస్తారండి?"

"బీపీ బాగుందమ్మా. వేళ్ళు బాగాలేవు."

"రెండూ ఒకే ఒంట్లోవి కావాండి?"

రాత్రంతా నిద్రలేని కళ్ళు డాక్టరువి. అయినా విసుక్కోలేదు.

"కుడిచేతి వేలికి రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోటునుంచి సూక్ష్మజీవి రక్తంలోకి వెళ్ళింది. ప్రెషరు పడిపోయింది. మందులతో నిలబెట్టాం. మీరు విన్న నూట పది, పెద్ద రక్తనాళాల్లోది. కానీ ఒంటికి ప్రాణవాయువు అందేది పెద్ద నాళాల్లో కాదు, వెంట్రుకకంటే సన్నగా ఉండేవాటిలో. వాటి గోడలు దెబ్బతిని నీరు బయటికి కారుతోంది. కొన్నిట్లో రక్తం చిన్న చిన్న గడ్డలుగా ఆగిపోయింది. వాటి పక్కవాటిలో ఆగకుండా పరిగెడుతోంది. అలా పరిగెత్తే రక్తం ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే గుండెకి తిరిగి వెళ్ళిపోతుంది."

"అందుకా వేళ్ళు నల్లబడ్డవి?" దుర్గారావు అడిగాడు.

"రెండు చేతుల వేళ్ళూ, కాళ్ళ వేళ్ళూ అందుకే. వాటికి ఇంకా ఆశ ఉంది. కుడిచేతి సంగతి వేరు. అక్కడ దానికి తోడు కండలోపల కుళ్ళు పాకుతోంది." ఆమె గోడ దగ్గరున్న నాగదుర్గవైపు తిరిగింది. "ఎప్పుడు మొదలైందన్నారు? మళ్ళీ ఒకసారి చెప్పండి."

"సాయంత్రమండి," అంది నాగదుర్గ. "నిన్న సాయంత్రం ఆరింటికి."

ఆ అబద్ధం రాత్రి మొదటిసారి ఆమె నోట్లోంచి భయంతో వచ్చింది. ఇప్పుడు భయం కూడా అక్కర్లేకుండా వచ్చింది.

"అదే నన్ను కంగారుపెడుతోంది. ఆరింటికి వేలు వాస్తే పదింటికల్లా మోచేతి దగ్గరికి వచ్చింది. నాలుగు గంటలు. అంత వేగంగా పాకేదైతే ఒక్కపూట కూడా ఆగకూడదు. చెయ్యి తీస్తేనే మనిషి దక్కేది. నెమ్మదిగా పాకిందైతే చీరి, కడిగి, రేపటిదాకా చూసేవాళ్ళం. ఇప్పుడు ఒళ్ళంతా నీరు పట్టేసింది. వాపు ఎక్కడ ఆగిందో కంటికి తెలియట్లేదు. మీరు చెప్పిన టైము ఒక్కటే మాకు ఆధారం."

తలుపు మూసుకుంది. కాగితం దుర్గారావు చేతిలో ఉండిపోయింది.

నాగదుర్గ లోపల ఎవరో అంకెలు చెరిపి మళ్ళీ రాస్తున్నారు. నిన్న పొద్దున్న ఎనిమిదికి వాపు మణికట్టు దాటలేదు. ఎనిమిదినుంచి పదిదాకా, పద్నాలుగు గంటలు. నాలుగు కాదు.

* * *

"వాడొస్తున్నాడు," అంది వీరవేణి.

మెట్లెక్కి వస్తున్నది సత్తియ్య. ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా సూదులు పొడుస్తున్న ఆరెంపీ డాక్టరు. ఆయన్ని తోలుసంచీ లేకుండా చూసినవాళ్ళు లేరు. ఇవాళ సంచీ లేదు. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకున్నాడు.

"ఎలాగుందండి, వీరాయమ్మగారికి?"

"రండి రండి, డాక్టరుగారు!" వీరవేణి లేచింది. "మీరు పొడిచిన సూది బాగా పనిచేసిందండి. చెయ్యి తీసేస్తున్నారు. ఇంకో సూది కూడా తెచ్చేరా?"

"అక్కా, ఉండు." దుర్గారావు కాగితాన్ని బెంచీమీద పెట్టాడు. నెమ్మదిగా వెళ్ళి సత్తియ్య చొక్కా కాలరు పట్టుకున్నాడు. "సాయంత్రం మా అమ్మని చూసేరు. చెయ్యి అంతలావున వాచి ఉంది. సూది పొడిచి, తెల్లారేసరికి తగ్గిపోద్దని చెప్పి వెళ్ళిపోయేరు. ఆయ్?"

ఈ కథని నాగదుర్గ అల్లలేదు. రాత్రి ఆటోలో దుర్గారావూ, తర్వాత ఫోనులో వీరవేణీ, ఒక్కొక్క ముక్కా వాళ్ళే చేర్చుకున్నారు. ఆమె చేసిందల్లా అడ్డు చెప్పకపోవడం. ఆ రెంటికీ తేడా ఉందని తెల్లవారుజామున ఆమె చాలాసేపు తనకి తాను నచ్చజెప్పుకుంది.

సత్తియ్య దుర్గారావు భుజం మీదుగా చూశాడు. ఆయన చూపు నాగదుర్గ మీద ఆగింది. ఎంతోసేపు కాదు, ఒక్క రెప్పపాటు.

ఇప్పుడు చెబుతాడు, అనుకుంది ఆమె. పొద్దున్న ఎనిమిదింటికి నేనొచ్చేనండి, నాడి చూసేనండి, వెంటనే అమలాపురం తీసుకెళ్ళమన్నానండి, మీ ఆవిడే వద్దన్నారండి, అని చెబుతాడు. ఆమె గోడకి ఇంకాస్త ఆనుకుంది.

"ఆయ్," అన్నాడు సత్తియ్య. "సాయంత్రమేనండి. తప్పు నాదేనండి."

దుర్గారావు వేళ్ళు వాటంతట అవే సడలిపోయాయి. తప్పు ఒప్పేసుకున్న మనిషిని ఏంచేయాలో అతనికి తెలియలేదు.

"పొండి," అన్నాడు. "మళ్ళీ మా గుమ్మం తొక్కకండి."

"కళ్ళు కూడా లేవా అయ్యా నీకు!" వీరవేణి వెనకనుంచి అరిచింది. "చదువు లేకపోతే పోనీ, కళ్ళుండాలి గదా!"

సత్తియ్య కాలరు సర్దుకోకుండానే మెట్లు దిగాడు.

నీళ్ళసీసా వంకతో నాగదుర్గ వెనకే వెళ్ళింది. మెట్లమలుపులో ఆయన ఆగాడు, ఆమె వస్తుందని తెలిసినట్టు.

"ఎందుకలా అన్నారండి?"

"మరేమనమంటారమ్మా? ఆ ఇంట్లో బతకాల్సింది మీరు. నాకేముందండి? ఈ ఊళ్ళో పిలవకపోతే పక్కూళ్ళో పిలుస్తారు."

"మీరు తీసుకెళ్ళమనే చెప్పేరు గదండి. నేనే..."

"అయిపోయిందమ్మా. ఇంక ఎవరడిగినా నాది ఒకటే మాట. సాయంత్రమే. అప్పనపల్లి స్వామి దిగివచ్చి అడిగినా సాయంత్రమే. మీరు దిగులు పెట్టుకోకండి." ఆయన రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "రాజోలు బస్సుకి టైమైంది. వస్తానండి."

టైము మారితే చెయ్యి మిగులుతుంది సత్తియ్యగారూ. ఆ ఒక్క వాక్యం చాలు. ఆయనకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఇంకోలా మాట్లాడేవాడేమో. వాక్యం ఆమె నాలుక మీదే ఉంది. ఆమె చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణాన్ని ఆమె తర్వాత చాలా రోజులు వెతుకుతుంది. ఆ క్షణంలో తనకి కలిగింది భయం కాదు, కృతజ్ఞత కూడా కాదు. ఎండలో నడిచి నడిచి నీడలోకి అడుగుపెట్టినప్పటి హాయి. మనిషికి ఎక్కడైనా హాయి కలగవచ్చునని, కలగకూడని చోట కూడా కలుగుతుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

* * *

తిరిగి వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు కిటికీ దగ్గర తగువులాడుకుంటున్నారు.

"పెట్టెయ్యరా సంతకం. చెయ్యి పోతే పోయింది. అమ్మ ఉంటే చాలు."

"నీకేం అక్కా, చెప్పేసి కొత్తపేట వెళ్ళిపోతావు. లేచి చూసుకుని 'నా చెయ్యేదిరా' అంటే నేను గదా చెప్పాలి."

"అంటే అననీ. అనడానికి మనిషుంటుంది గదా!"

సింహాద్రి ఆ మాటలు వింటున్నట్టు లేడు. ముప్ఫై రెండేళ్ళు కాలవల శాఖలో లస్కరుగా పనిచేసినవాడు. లాకు దగ్గర గేజీ రాతి మీద నీటిమట్టం చూడడం, తూములు ఎత్తడం, దించడం, అదే ఆయన జీవితం. మామూలుగానే మితభాషి. నిన్నటినుంచి అసలు నోరే విప్పలేదు.

"అమ్మాయ్," అన్నాడు, నాగదుర్గ పక్కన కూచోగానే. "డాక్టరమ్మ చెప్పింది నీకు అర్థమైందా?"

"కొంత అయిందండి, మావయ్యగారు."

"నాకు మొత్తం అర్థమైంది." ఆయన ఎదురుగోడ వంక చూస్తూ మాట్లాడుతున్నాడు. "పెద్దకాలవలో నీళ్ళున్నాయి. పొలాలకి పోయే బోదెల్లోకి దిగట్లేదు. అంతేగా?"

"అంతేనండి."

"ఒకేడు ఇంజనీరుగారు తనిఖీకొస్తానన్నారు. ఇదే ఆషాఢం. శివారు పొలాల్లో నారుపోసే ఆకుమళ్ళు ఇంకా తడవలేదు. కాలవలో నీళ్ళు చాలట్లేదు, గేజీ మీద మట్టం జానెడు తక్కువుంది. మా సూపర్‌వైజరు నాతో ఏమన్నాడంటే, సింహాద్రీ, రేపు పొద్దున్నకి గేజీ నిండుగా కనబడాలి. ఎలాగో నువ్వే చూడు." సింహాద్రి తూము దించుతున్నట్టు చేతిని కిందికి ఒత్తాడు. "ఎలాగో నాకు తెలుసు. దిగువ తూములన్నీ దించేసేను. పొలాలకి పోయే నీళ్ళు ఆగిపోతే పెద్దకాలవలో మట్టం లేస్తాది. లేచింది. ఇంజనీరుగారొచ్చేరు, గేజీ చూసేరు, పుస్తకంలో రాసుకున్నారు, కాలవ నిండుగా ఉందని. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయేరు."

"తర్వాత తూములెత్తేరా అండి?"

"ఎత్తేను. మూడు రోజులయ్యేక. ఆయన మళ్ళీ ఇదే దారిన వస్తారన్నారు, రాలేదు." సింహాద్రి అరచేతులు మోకాళ్ళకి రాసుకున్నాడు. "శివారునుంచి ఒకాయన నడుచుకుంటూ వచ్చేడు. చేతిలో ఎండిన నారు. నన్ను తిట్టలేదమ్మా. గేజీ దగ్గర నిలబడి, నిండుగా ఉన్న కాలవని చూసేడు. చాలాసేపు చూసేడు. మళ్ళీ నడుచుకుంటూ పోయేడు. ఆయన పేరు కూడా నాకు తెలీదు."

కిటికీ దగ్గర తగువు ఆగిపోయింది. వీరవేణి ముక్కు చీదుకుంటోంది.

"గేజీ అబద్ధం చెప్పలేదు," అన్నాడు సింహాద్రి. "అంకె నిజమే. నేను దాని చేత చెప్పించేను."

ఆయన ఎందుకు చెప్పాడో నాగదుర్గకి తెలియదు. తనని చూసి చెప్పాడా, తనకోసం తాను చెప్పుకున్నాడా? ఆయన ముఖంలో ఏమీ లేదు. ఏళ్ళ తరబడి నీటిని చూసినవాళ్ళ ముఖం అలాగే ఉంటుందేమో.

* * *

పదిన్నరకి నర్సు తలుపు తీసింది. "ఒక్కరు రండి. ఐదు నిమిషాలే."

ఎవరూ కదలలేదు. దుర్గారావు కాగితం వంక చూసుకున్నాడు. తల్లిని చూస్తే సంతకం పెట్టలేనని అతని భయం.

"నువ్వెళ్ళవే," అంది వీరవేణి. "నువ్వైతే చూసి ఏదైనా చెప్పగలవు."

నువ్వైతే. ఆ మాట ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంది. కువైట్‌లో మంచం పట్టిన ముసలావిడకి చాకిరీ చేసివచ్చిన నాగదుర్గకి జ్వరాలు తెలుసు, మందులు తెలుసు, మనిషి ఎప్పుడు ప్రమాదంలో ఉన్నాడో తెలుసు. అక్కడికి వచ్చిపోయే మలయాళీ నర్సు ఆమెకి నేర్పింది. గోరు నొక్కు, వదులు. తెల్లబడ్డ గోరు చటుక్కున ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. ఆలస్యమైతే పరిగెత్తు.

వీరాయమ్మ ముఖం ఉబ్బి, గుర్తుపట్టలేనట్టుంది. ఆక్సిజన్ ముసుగు కింద పెదవులు ఎండిపోయాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నా చూపు లేదు. తలవైపు తెర మీద బీపీ నూట పన్నెండు అని పచ్చటి అంకె వెలుగుతోంది.

నర్సు దుప్పటి తొలగించింది. రెండు మోకాళ్ళ మీదా ఊదారంగు గీతలు, ఎవరో చర్మం కింద వల పరిచినట్టు. నర్సు మోకాలిచిప్ప మీద బొటనవేలు గట్టిగా అదిమి, కాసేపు ఉంచి తీసింది. తెల్లటి మచ్చ పడింది. పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. మచ్చ ఏడుదాకా తెల్లగానే ఉంది.

"మూడు లెక్కపెట్టేలోపల రంగు తిరిగి రావాలండి," అంది నర్సు.

"మోకాలు నొక్కుతున్నారేంటండి? గోరు చూడరా?"

నర్సు చిన్నగా నవ్వింది. "గోరు ఎక్కడ కనబడుతోందండి? ఆషాఢం వస్తే మాకిదే గొడవ. వచ్చినవాళ్ళందరికీ గోరింటాకే. నొక్కినా ఎరుపే, వదిలినా ఎరుపే. ఏం తెలుస్తాది?"

నాగదుర్గ చూసింది.

పది వేళ్ళకీ కొసలనుంచి మొదటి కణుపుదాకా గోరింటాకు. ఆదివారం పెరట్లో రోలు దగ్గర కూచుని తనే రుబ్బి, తనే పెట్టింది. బాగా పండింది. నల్లబడుతున్న వేళ్ళ చివర గోళ్ళు మాత్రం పండగపూట వేళ్ళలా ఎర్రగా మెరుస్తున్నాయి.

నిన్న పొద్దున్న ఎనిమిది. మగవాళ్ళిద్దరూ రొయ్యల చెరువు పట్టుబడిలో ఉన్నారు, ఇల్లు చేరేసరికి రాత్రయింది. సత్తియ్య సూది పొడిచి, "నాడి నాకు నచ్చలేదమ్మా, అమలాపురం తీసుకెళ్ళిపోండి," అన్నాడు. ఆమె అత్తగారి ఎడమచేతి గోరు నొక్కింది. వదిలింది. ఎర్రగా ఉంది. "రక్తం బాగానే ఆడుతోందండి," అంది సత్తియ్యతో. "సాయంత్రం వాళ్ళొచ్చేక చూద్దాం." ఆయన మారుమాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆమె మాటకి ఉన్న విలువ ఆయనకీ తెలుసు.

ఎరుపు తిరిగి రాలేదు. అసలు అది పోనే లేదు.

కంటికి కనిపించింది రంగు. మనసుకి కావలసింది రక్తం. ఆ రెంటికీ మధ్య ఒక్క క్షణం ఆగి చూసి ఉంటే తెలిసేది. తన చేతి గోళ్ళు కూడా అదే ఎరుపు. అదే రోలు, అదే ఆకు. అయినా తట్టలేదు. తెలిసినదాన్ని అనిపించుకోవాలన్న తొందర ఆమెని ఆగనివ్వలేదు. అజ్ఞానం ఆమెను మోసం చేయలేదు. తెలుసుననుకోవడమే చేసింది.

నిన్న మొత్తం ఆ పల్చటి పసరు వాసన వేస్తున్న వేళ్ళని పట్టుకుని ఆమె అత్తగారి పక్కనే కూచుంది. చల్లబడుతుంటే రుద్దింది. రుద్దుతూ గోళ్ళు చూసుకుంది. ధైర్యం తెచ్చుకుంది. మళ్ళీ రుద్దింది.

"టైమైపోయిందండి," అంది నర్సు.

* * *

బయటికి వచ్చేసరికి డాక్టర్ నిర్మల అక్కడే ఉంది. దుర్గారావు కాగితాన్ని గోడకి ఆనించి పెన్ను తీసుకున్నాడు.

"ఆగండి," అంది నాగదుర్గ.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"సాయంత్రం కాదండి డాక్టరుగారు. పొద్దున్న ఎనిమిదింటికే చెయ్యి వాచింది. మణికట్టుదాకా. మధ్యాహ్నం భోజనాల వేళకి ముంజేతికి వచ్చింది. సాయంత్రానికి మోచేతి కిందకి. సత్తియ్యగారు పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళమన్నారు. నేనే వద్దన్నాను. గోరు నొక్కి చూసేను. ఎర్రగా ఉంది. అది గోరింటాకండి."

కింద వీధిలో ఏదో ఆటో హారను మోగుతూనే ఉంది.

"ఏంటే నువ్వు చెబుతున్నది?" వీరవేణి గొంతు చిత్రంగా తగ్గిపోయింది. "ఇందాకా ఆ ముసలాయన కాలరు పట్టుకుంటే... నువ్వు చూస్తా నిలబడ్డావు."

"నిలబడ్డాను వదినగారు."

"అమ్మ దగ్గరే కూచున్నావు గదా రోజంతా. నీ చేతిలోనే ఉంది గదే అమ్మ చెయ్యి!"

దుర్గారావు భార్య వంక చూడడం లేదు. గోడమీద తను ఆనించిన కాగితం వంకే చూస్తున్నాడు. కోప్పడితే బాగుండునని నాగదుర్గకి అనిపించింది. అతను కోప్పడలేదు.

డాక్టరు ముఖంలో మాత్రం వేరే ఆలోచన ఉంది.

"అమ్మా, మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. కానీ చెయ్యి తీస్తామనేసరికి టైము మార్చి చెప్పే ఇళ్ళు నేను చాలా చూశాను. చెయ్యి దక్కుతుందన్న ఆశతో చెబుతారు. మీరు రాత్రి ఒకటి చెప్పారు. ఇందాక మళ్ళీ అదే చెప్పారు. ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారు. మూడోసారి చెప్పింది నిజమని నేను ఎలా అనుకోవాలి? మీరు చెప్పింది తప్పయి మేము ఆగితే, రేపు తెల్లారేసరికి ఆవిడ ఉండరు."

అబద్ధాన్ని చెప్పగానే నమ్మేరు. నిజానికి సాక్ష్యం అడుగుతున్నారు. అడగడం న్యాయమే.

"సత్తియ్యగారిని అడగండి," అంది నాగదుర్గ. అన్నాక, మెట్లమలుపులో ఆయన ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "ఉండండి, ముందు నేను ఆయనతో..."

దుర్గారావు అప్పటికే ఫోను తీశాడు. స్పీకరు పెట్టి డాక్టరు ముందు పట్టుకున్నాడు. ఎవరి కాలరు పట్టుకుని పొమ్మన్నాడో ఆ మనిషినే ఇప్పుడు అడగాలి.

"ఆయ్, చెప్పండి దుర్గారావుగారు." వెనక బస్సు ఇంజను రొద. కండక్టరు ఎవరినో లోపలికి జరగమంటున్నాడు.

"నేను డాక్టర్ నిర్మలని. ఒక్కటే చెప్పండి. నిన్న పొద్దున్న ఆ ఇంటికి వెళ్ళారా మీరు? చెయ్యి చూశారా?"

"సత్తియ్యగారూ, నిజం చెప్పండి!" నాగదుర్గ అరిచింది. "నేను చెప్పేసేనండి!"

"లేదండి డాక్టరుగారు." ఆ గొంతులో తొణుకు లేదు. తనని కాపాడడానికే ఆమె అరుస్తోందని ఆయన అనుకున్నాడు. "పొద్దున్న నేను వెళ్ళలేదండి. సాయంత్రమేనండి. ఆ అమ్మాయికేమీ తెలీదండి, ఆవిణ్ణి ఇందులోకి లాగకండి. తప్పంతా నాది..."

బస్సు ఏదో మలుపు తిరిగినట్టుంది. మాట తెగిపోయింది. దుర్గారావు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అందుబాటులో లేరని ఫోను చెబుతోంది.

డాక్టరు గడియారం చూసుకుంది. పదకొండుకి ఏడు నిమిషాలు.

"చూశారుగా," అంది మెల్లగా. "సంతకం పెట్టండి."

"పెట్టరా," అంది వీరవేణి.

దుర్గారావు పెన్ను మూత తీశాడు. అప్పుడు బెంచీ చివరనుంచి సింహాద్రి లేచాడు.

"అమ్మాయ్. సత్తియ్య వెళ్ళేక, నిన్న పొద్దున్న, మీ అత్త నీతో ఏమంది?"

నాగదుర్గకి ఆ మాట ఎవరికీ చెప్పకూడదని ఉంది. నిన్నటినుంచి చెవిలో తిరుగుతున్నది అదొక్కటే.

"'నువ్వు చూసేవు గదే, ఇంక నాకేం భయం. ఆయనకి మాత్రం చెప్పకు, పట్టుబడి మధ్యలో వదిలేసి కాలవగట్టంట పరిగెత్తుకొస్తాడు. ముసలాడు పడిపోతాడు' అన్నారండి."

సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళతోనే తల ఆడించాడు.

"అది దాని మాటే," అన్నాడు. "ఎవరూ కల్పించలేరు."

కొడుకు చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. మడిచి డాక్టరు చేతికి ఇచ్చేశాడు.

"చీరి కడగండమ్మా. చెయ్యి ఉంచండి."

"నాన్నా!" వీరవేణి అడ్డం వచ్చింది. "అమ్మకేదైనా అయితే?"

ఆయన కూతురి భుజం పట్టి పక్కకి జరిపాడు.

"మా సలహాకి వ్యతిరేకంగా మీరే కోరారని రాసివ్వాలి," అంది డాక్టరు. "ఏం జరిగినా బాధ్యత మీదేనని. దానికీ సంతకం కావాలి."

"రాయండి. పెడతాం." సింహాద్రి కొడుకు చేతిలోంచి పెన్ను కూడా తీసుకున్నాడు. దాన్ని కోడలివైపు చాపాడు.

"మాట నీది," అన్నాడు. "సంతకం నువ్వు పెట్టు."

ఆ కంఠంలో నమ్మకం ఉందో, శిక్ష ఉందో నాగదుర్గకి అంతుపట్టలేదు. దుర్గారావు మొదటిసారి తలెత్తి ఆమె వంక చూశాడు.

ఐ.సి.యు. తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టింది.

"సర్జనుగారొచ్చేరండి. చేతులు కడుక్కుంటున్నారు. ఏం చెప్పమంటారు?"